పేరు లేని ప్రార్థన

కృపామణి ఇంట్లో ప్రతి శుక్రవారం ఎవరిదో ఒకరిది పుట్టినరోజే. బల్ల మీద కేకు, పక్కన చాకు, గోడకి నాలుగు బుడగలు. తలుపు చప్పుడైతే చాలు, బైబిళ్ళు దిండ్ల కిందకి వెళ్ళిపోయి అందరూ హ్యాపీ బర్త్‌డే ఎత్తుకోవాలి, అదీ ఏర్పాటు. ఇన్నేళ్ళలో ఆ తలుపు తట్టింది నీళ్ళ డబ్బాలు తెచ్చే బంగ్లాదేశ్ ఆయనొక్కడే. పాపం ఆయనక్కూడా ఓ కేకు ముక్క పెట్టి పంపారు. ఈ మధ్య రోజులు మారాయి, ఇంట్లో నలుగురు కూర్చుని పాడుకుంటే ఎవరూ పట్టించుకోవడం లేదని వాళ్ళలో వాళ్ళే అనుకుంటారు. అయినా ఒంటికి పట్టిన భయం అంత తొందరగా వదులుతుందా? ఇప్పటికీ కర్టెన్లు లాగుతారు, టీవీ గట్టిగా పెడతారు, చప్పట్లు అరచేతులు తగలకుండా కొడతారు. సంఘపెద్ద ఓబదయ్యకి ఒక్క ఏడాదిలో నాలుగు పుట్టినరోజులు చేసిన ఘనత ఆ సహవాసానిది.

కృపామణిది నరసాపురం అవతల లంక గ్రామం. సౌదీలో, జిజాన్‌లో ఓ ప్రైవేటు క్లినిక్‌లో నర్సు. భర్త పోయాక కూతురు షైనిని చెల్లెలి దగ్గర వదిలి విమానం ఎక్కింది. ఇప్పుడా పిల్ల డిగ్రీ చేసి, హైదరాబాద్ హాస్టల్లో ఉండి, గవర్నమెంటు ఉద్యోగం కోసం పరీక్ష మీద పరీక్ష రాస్తోంది. తల్లి ఇక్కడ ఊరందరికీ బీపీలు చూసి, సూదులు పొడిచి, ఇంటికొచ్చి కాళ్ళు వేడినీళ్ళలో పెట్టుకుని కూర్చుంటుంది. జిజాన్‌లో తెలుగు నర్సులందరికీ ఆవిడే పెద్దక్క.

ఆ సహవాసంలో కృపామణికి ఒక పేరుంది. ఓబదయ్య "ప్రార్థనాంశాలు చెప్పండి" అనగానే మిగతావాళ్ళు ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువలనీ, మోకాలి నొప్పనీ, తమ్ముడి తాగుడనీ చెప్తారు. కృపామణి లేచిందంటే మాత్రం గది గదంతా కళ్ళొత్తుకోవడానికి కొంగులు తీస్తుంది. డయాలసిస్‌కొచ్చే ముసలాయన కోడలికి దణ్ణం పెట్టిన సంగతి, పురిట్లో బిడ్డ పోయిన యెమెన్ తల్లి ఉత్త దుప్పటి మడతపెట్టుకుని వెళ్ళిన సంగతి కళ్ళకు కట్టినట్టు చెప్తుంది. పేర్లు చెప్పదు. పేరొక్కటీ తప్ప ఇంకేమీ దాచదు కూడా. అయ్యాక "అక్కకి ఆత్మల భారం ఉందండి" అంటారు. ఆ మాట కోసం వారమంతా ఎదురుచూస్తుంది ఆవిడ. తప్పేముంది లెండి, మనిషన్నాక ఎవరో ఒకరు మెచ్చుకోవాలనే ఉంటుంది.

ఓబదయ్య భారం వేరు. ఆయన పరంజాలు కట్టే పనిలో ఫోర్‌మన్. రియాద్‌లో ఉన్నప్పుడు సులై క్యాంపులో ఎవరో దైవసేవకుడి వర్తమానం విన్నాడు, అప్పట్నించీ ఆయనకి చైనా పట్టుకుంది. ఒక్క చైనా మనిషితోనూ మాట్లాడి ఎరగడు. కానీ ప్రతి శుక్రవారం ఐదు నిమిషాలు చైనా యవనస్తుల కోసం మోకాళ్ళూనాల్సిందే. దేవుణ్ణి ఇంట్లోంచి బయటికి తోలేసిన దేశంలో పిల్లలు ముందు పెళ్ళొద్దంటారు, తర్వాత బిడ్డలొద్దంటారు, చివరికి బతుకే వద్దంటారు, ఇంకో తరానికి అక్కడ ముసలాళ్ళు ముసలాళ్ళకి గంజి కాచి పోసుకోవాల్సి వస్తుంది, అదంతా మనం కోయాల్సిన పంట అని ఆయన వాదన. అంటూ అంటూ ఏడ్చేస్తాడు. నటన కాదు, నిజంగానే ఏడుస్తాడు. కృపామణి ఆమెన్ అంటుంది గానీ, ఆ ఐదు నిమిషాల్లో ఆవిడ ధ్యాస పొయ్యి మీద ఉడికే బిర్యానీ మీదే ఉండేది. జింగ్ వచ్చేవరకూ.

రేవు అవతల కట్టే ఫ్యాక్టరీల దగ్గర ఓ చైనా కంపెనీ ఉంది. వాళ్ళ కూలీలకి జ్వరమొచ్చినా, వేలు నలిగినా ఈ క్లినిక్‌కే తెస్తారు. వాళ్ళతోపాటు దుబాసీగా ఓ అమ్మాయి వస్తుంది. పేరు జింగ్. షైని ఈడుది. వాళ్ళ దేశంలోనే కాలేజీలో అరబ్బీ చదువుకుంది. చేతిలో ఎప్పుడూ వేడినీళ్ళ సీసా. కూలీలు వాళ్ళ భాషలో చెప్పిన నొప్పిని డాక్టరుకి అరబ్బీలో చెప్పేది, కృపామణికి ఇంగ్లీషులో చెప్పేది. ఇంతమంది నొప్పులు నోటితో మోసే పిల్లకి తన నొప్పి చెప్పుకోవడానికి మనిషి లేడని కృపామణి కనిపెట్టింది. నర్సు కదా, ఆ మాత్రం కంటికి తెలుస్తుంది.

ఓ మధ్యాహ్నం కూలీలు బస్సెక్కాక జింగ్ ఇంజెక్షన్ గదిలో ఆగిపోయింది. జుట్టు ఊడుతోందట, నిద్ర పట్టడం లేదట. మాత్రలేమైనా ఉన్నాయా అని అడిగింది. కృపామణి తన ఫ్లాస్కులోంచి మిరియాల చారు ఓ కప్పులో పోసి చేతికిచ్చింది. జింగ్ ఒక్క గుటక వేసి దగ్గింది, కళ్ళు తుడుచుకుంది, మళ్ళీ తాగింది. కప్పు ఖాళీ చేసి ఇంకా ఉందా అంది. ఆ రోజునుంచీ కృపామణి రెండు ఫ్లాస్కులు తేవడం మొదలుపెట్టింది. ఒకటి జింగ్ తీసుకెళ్ళేది, మళ్ళీ వచ్చినప్పుడు కడిగి తెచ్చేది.

చారుతోపాటు మాటలూ మొదలయ్యాయి. సగం ఇంగ్లీషు, సగం చేతులు. జింగ్ వాళ్ళది దేశం లోపలెక్కడో చిన్న పట్నం. ఒక్కతే కూతురు. బళ్ళో వేసిన దగ్గర్నించీ పరీక్షలే, ర్యాంకులే. తీరా కాలేజీ అయ్యేసరికి తనతో చదివినవాళ్ళు స్కూటర్ల మీద అన్నం పొట్లాలు ఇళ్ళకి అందిస్తున్నారట. అక్కడి పిల్లలు ఇప్పుడు ఇక పడుకుందాం, లేవొద్దు అని ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారట. పెద్దవాళ్ళు అది బద్ధకమని తిడతారట. బద్ధకం కాదు ఆంటీ, పరిగెత్తి పరిగెత్తి తలెత్తి చూస్తే ఎదర చేరాల్సిన గీతే లేదు అంది. అమ్మ రోజూ ఫోను చేసి పెళ్ళి మాటే ఎత్తుతుందట. నేను పరిగెత్తిన పరుగు ఇంకో పసిగుడ్డు చేత పరిగెత్తించడానికి నాకు మనసొప్పదు అని చెప్పిందట. ఆ మాటకి తల్లి వారం రోజులు మాట్లాడలేదట.

కృపామణి ఆలోచనలో పడింది. ఓబదయ్య ఏడ్చి ఏడ్చి చెప్పే చైనా యవనస్తులంటే ఈ పిల్లేనా? దేవుడు లేక ఇలా అయిందా, నిద్ర లేక ఇలా అయిందా? మరి దేవుణ్ణి పెట్టుకుని పెంచిన నా షైని కూడా మొన్న ఫోన్లో "ఎక్కడైనా ఆగిపోవాలనుందమ్మా" అంది కదా. ఆ ప్రశ్న ఆవిడ మనసులో ఉండిపోయింది.

శుక్రవారం కేకు సంగతి ఓసారి నోరు జారి చెప్పేసింది. జింగ్ పకపకా నవ్వింది. ఆ పిల్ల నవ్వగా చూడడం అదే మొదలు. వాళ్ళ అమ్మమ్మ కూడా క్రీస్తును నమ్మిన మనిషేనట. కిటికీకి బొంత కట్టి, వంటింట్లో కుళాయి వదిలి, పదిమంది చేరి పాడుకునేవారట. బల్ల మీద మాత్రం బిళ్ళలాట పరిచి ఉంచేవారట, ఎవరైనా వస్తే ఆడుతున్నట్టు. ఇంకో పద్ధతి కూడా ఉండేదని చెప్పింది. ప్రార్థనలో ఎవరి పేరూ పలికేవారు కాదట. పేరు రావాల్సిన చోట అందరూ ఆగిపోయేవారు, కాసేపు మౌనం, తర్వాత మిగతా మాటలు. దేవుడికి ఎలాగూ తెలుసు, గోడలకి తెలియక్కర్లేదు అనేదట అమ్మమ్మ. ఆవిడ పోయాక ఆ ఇంట్లో ఎవరూ పాడలేదు. ఎంత ముచ్చటగా ఉందో అనుకుంది కృపామణి. అనుకుని, మర్చిపోయింది.

ఆ వారమే జింగ్ అసలు సంగతి చెప్పింది. సాయంత్రాలు తాము ఉండే క్యాంపు మేడ మీదకెళ్ళి పిట్టగోడ దగ్గర నిలబడుతున్నానంది. దూకాలని కాదు, కానీ దిగి రావాలనీ అనిపించడం లేదంది. నెమ్మదిగా, వేరే ఎవరి జబ్బో తర్జుమా చేస్తున్నట్టే చెప్పింది. కృపామణి ఆ పిల్ల రెండు చేతులూ పట్టుకుంది. ఇంకోసారి మేడ ఎక్కాలనిపిస్తే ముందు నాకు ఫోను చెయ్యాలి అని మాట తీసుకుంది. ఊళ్ళో పెద్దాసుపత్రిలో మనసుకి వైద్యం చేసే ఓ సూడాన్ డాక్టరమ్మ ఉంది, ఆదివారం నేనే వెంటబెట్టుకుని తీసుకెళ్తానంది. జింగ్ సరేనంది. బదులుగా తనూ ఓ మాట అడిగింది.

"ఎవరికీ చెప్పకండి ఆంటీ. కంపెనీకి తెలిస్తే ఎగ్జిట్ కొట్టి పంపేస్తారు. ఇక్కడ నేను ఎవరి కూతుర్నీ కాదు. అందుకే కాస్త ఊపిరి ఆడుతోంది."

చెప్పను అని కృపామణి ఒట్టేసింది. నిజంగానే వేసింది, మనసులో ఏ మెలికా లేదు.

మరి శుక్రవారం ఏమైంది? అదే కదా విచిత్రం. కేకు బల్ల మీదుంది, కర్టెన్లు లాగేశారు, ఓబదయ్య చైనా యవనస్తుల గురించి మొదలుపెట్టి కళ్ళు తుడుచుకుంటున్నాడు. కృపామణికి జింగ్ గుర్తొచ్చింది. వీళ్ళు ఇన్నేళ్ళుగా ఎవరి కోసం ఏడుస్తున్నారో ఆ మనిషి నా చారు తాగుతోంది కదా. పదిమంది ఉపవాసముండి అడిగితే దేవుడు ఆ పిల్లని పిట్టగోడ దగ్గర్నించి లాగడా? ఎవరికీ చెప్పనన్నాను, నిజమే. దేవుడికి చెప్పడం ఇంకొకరికి చెప్పడమెలా అవుతుంది? సంఘంలో చెప్పుకుంటే అది దేవుడికి చెప్పినట్టు కాదూ? చిన్నప్పట్నించీ ఆవిడ ఎరిగిన పద్ధతి అది. ఇంట్లో గుట్టుగా దాచినవి కూడా ప్రార్థనలో చెప్పేస్తారు, అక్కడ చెప్తే అది చాడీ అవదు.

లేచింది. అంతా చెప్పింది. మేడ, పిట్టగోడ, అమ్మమ్మ, బొంత కట్టిన కిటికీ, అన్నీ. ఈసారి పేరు కూడా చెప్పింది, ఫలానా కంపెనీలో దుబాసీ అని కూడా చెప్పింది. దేవుడు పొరబడకూడదని కాబోలు. గదిలో ఏడవనివాళ్ళు లేరు. ఓబదయ్య అయితే నేల మీద బోర్లా పడిపోయాడు.

ఓబదయ్య చెడ్డవాడని ఎవరైనా అంటే నేనొప్పుకోను. కానీ ఇంటికెళ్ళేదాకా కూడా ఆగలేదు మహానుభావుడు. మెట్ల మీదే నిలబడి ఫోన్‌లో వాయిస్ పెట్టాడు. జిజాన్‌లో జింగ్ అనే చైనా చెల్లెలు, ఫలానా కంపెనీ, చావాలని చూస్తోంది, గొలుసు ప్రార్థన చెయ్యండి అని. అది సులై వెళ్ళింది, బతా వెళ్ళింది, దమ్మాం వెళ్ళింది, తెల్లారేసరికి ఏలూరు కూడా దాటిపోయింది. సులై గ్రూపులో ఇమ్మానుయేల్ అని ఒకతనున్నాడు. మొదట రియాద్‌లో చేసి, ఇప్పుడు జిజాన్‌లో అదే చైనా కంపెనీలో సేఫ్టీ సూపర్‌వైజరుగా ఉన్నాడు. శనివారం పొద్దున్నే విన్నాడు.

ఆదివారం జింగ్ కోసం కృపామణి చీరకి ఇస్త్రీ చేసుకుని తయారై కూర్చుంది. జింగ్ రాలేదు. ఫోను ఎత్తలేదు. ఇమ్మానుయేల్ ఫోను వచ్చింది. వందనాలక్కా అని మొదలుపెట్టి, మీ ప్రార్థన వల్ల ఒక ప్రాణం దక్కిందక్కా అన్నాడు. తను వెంటనే క్యాంపు మేనేజరు దగ్గరికి పరిగెత్తాడట, సేఫ్టీ మనిషిగా అది తన బాధ్యతట. జింగ్ గది తాళం తీసేసుకుని ఇద్దరు ఆడవాళ్ళని కాపలా పెట్టారట. వాళ్ళమ్మకి ఫోన్‌లో అంతా చెప్పేశారట, ఎగ్జిట్ కూడా కొట్టేశారట, రెండ్రోజుల్లో ఫ్లైటట. దేవునికి స్తోత్రం అన్నాడు. కృపామణి స్తోత్రం అనకుండానే ఫోను పెట్టేసింది.

క్లినిక్ రిసెప్షన్లో మెహరున్నిసా ఉంటుంది. కడప మనిషి, మాట సూటి. కృపామణి మొహం చూసి లోపలికి లాక్కెళ్ళి అడిగింది. అంతా విని అంది.

"ఆ పాప నీకు చెప్పిండేది నమ్మకంతో గదక్కా. నీ దేవునికి నీవు ఒక్కదానివే చెప్పుకోకూడదా? పదిమంది ముందర ఎందుకు చెప్తివి?"

నేను ప్రార్థన కోసమే చెప్పాను అంది కృపామణి. అన్నాక ఆ మాట తనకే చప్పగా వినిపించింది. ప్రార్థన కోసమా? భారం ఉన్న అక్క అనిపించుకోవడానికా? రెండూ ఉన్నాయి. రెండోది లేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పలేకపోయింది.

వెళ్ళేముందు జింగ్‌ని క్లినిక్‌కి తెచ్చారు, విమానం ఎక్కే స్థితిలో ఉందో లేదో చూడమని. పక్కన కంపెనీ పంపిన ఓ లావుపాటి ఆవిడ జింగ్ చెయ్యి వదలడం లేదు. జింగ్ మొహంలో కోపం లేదు. కోపం ఉంటే బావుండేది, కృపామణి ఆ పిల్ల కాళ్ళ మీద పడి ఉండేది. జింగ్ కడిగి తుడిచిన ఫ్లాస్కు బల్ల మీద పెట్టింది. కృపామణి బీపీ పట్టీ చుడుతూ ఉంటే కన్నీళ్ళు ఆ పిల్ల చేతి మీద పడ్డాయి. దేవుడికే చెప్పానమ్మా, ఇంకెవరికీ చెప్పాలనుకోలేదు అంది.

"మా అమ్మమ్మ వాళ్ళు కూడా దేవుడికే చెప్పేవారు ఆంటీ," అంది జింగ్. "పేరు చెప్పేవారు కాదు."

అంతే. చేతి పట్టీ తనే ఊడదీసుకుని లేచింది.

ఆ తర్వాత కృపామణి పెట్టిన మెసేజీలకి జవాబు లేదు. కొన్నాళ్ళకి ఆ నంబరే పోయింది. ఇమ్మానుయేల్‌ని అడిగితే వెళ్ళినవాళ్ళ సంగతులు కంపెనీలో ఎవరికీ తెలియవన్నాడు. అమ్మ పెళ్ళి చేసేసిందో, మళ్ళీ ఏ మేడైనా ఎక్కిందో, హాయిగా నిద్రపోతోందో, ఎవరిని అడగాలి? ఎవరినీ అడగడానికి లేదు.

ఓబదయ్య వాయిస్ మాత్రం ఆగలేదు, తిరుగుతూనే ఉంది. ఒకరోజు షైని ఫోన్‌చేసి తన హాస్టల్ ప్రార్థన గ్రూపులో ఓ సాక్ష్యం వచ్చిందని చెప్పింది. జిజాన్‌లో చైనా అమ్మాయి చావబోతుంటే తెలుగు నర్సమ్మ ప్రార్థనతో బతికిందట, రక్షణ పొందిందట, ఇప్పుడు వాళ్ళ దేశం వెళ్ళి యవనస్తుల మధ్య సేవ చేస్తోందట. చైనా మారబోతోందని అందరూ హల్లెలూయలు పెడుతున్నారట. ఎవరికో చారు ఇస్తున్నానన్నావే, ఆ అమ్మాయేనా అమ్మా అని అడిగింది.

అది వదిలేసి, నువ్వెలా ఉన్నావే అని అడిగింది కృపామణి.

"బానే ఉన్నానమ్మా."

నెమ్మదిగా, ఎవరి సంగతో చెప్తున్నట్టు అంది. ఆ గొంతు కృపామణికి తెలుసు. ఇంజెక్షన్ గదిలో విన్న గొంతే. నిద్ర పడుతోందా, జుట్టు ఊడుతోందా, ఏమైందో నాకు చెప్పు తల్లీ అని బతిమాలింది.

"నీకు చెప్తే శుక్రవారం అందరికీ తెలుస్తుంది కదమ్మా," అంది షైని. తిట్టినట్టు కాదు. వర్షమొస్తే తడుస్తాం కదా అన్నట్టు అనేసి, క్లాసుకి టైమైందని పెట్టేసింది.

ఆ శుక్రవారం పుట్టినరోజు కృపామణిదే వచ్చింది. కేకు మీద ఆవిడ పేరు రాయించారు. ఓబదయ్య సంతోషంగా లేచి, అక్క ద్వారా దేవుడు చైనా దేశంలో తెరిచిన ద్వారం గురించి అక్కే సాక్ష్యం చెప్తుందన్నాడు. అందరూ అరచేతులు తగలకుండా చప్పట్లు కొట్టారు. కృపామణి లేచి నిలబడింది. ఆ అమ్మాయి రక్షణ పొందిందో లేదో నాకు తెలియదు, అసలు బతికుందో లేదో కూడా తెలియదు, చెప్పనని ఒట్టేసి నేను చెప్పాను, అన్నయ్య దాన్ని లోకమంతా పంపాడు, ఆ పిల్లకి ఊపిరాడే ఒక్క చోటూ మనం లాగేసుకున్నాం అంది. గదిలో టీవీ మోత ఒక్కటే ఉంది. మన ఉద్దేశం మంచిదే కదక్కా అన్నాడు ఓబదయ్య. మంచిదే అన్నయ్యా అంది ఆవిడ, అదే నాకు భయంగా ఉంది. చైనా కోసం చేసింది చాలు, ఇవాళ ఒక్క మనిషి కోసం చేద్దాం అంది.

మోకాళ్ళూనింది. పరలోకమందున్న తండ్రీ అని మొదలుపెట్టింది. "నీ బిడ్డ" అంది, ఆగిపోయింది.

మర్చిపోయిందనుకున్నాడేమో, ఓబదయ్య పక్కనుంచి మెల్లగా "జింగ్" అని అందించాడు. కృపామణి కళ్ళు తెరవకుండానే చెయ్యెత్తి వద్దంది. మళ్ళీ మౌనం. తర్వాత ఆ బిడ్డకి నిద్రనివ్వమని అడిగింది, అంతకంటే ఇంకేమీ అడగలేదు.

అందరూ ఆమెన్ అనబోయారు. కానీ ఆవిడ లేవలేదు. మళ్ళీ "నీ బిడ్డ" అంది, మళ్ళీ ఆగింది. ఈసారి ఎక్కువసేపు ఆగింది, భుజాలు కదిలాయి. ఈసారి ఏ పేరు అందించాలో ఓబదయ్యకి కూడా తెలియలేదు.